నీళ్ళు రాకుండా కాపలా

మా ఊరు కుడికాలువకు ఆఖరు. నీటి సంఘం ఆఫీసు గోడ మీదున్న మ్యాపులో మా ఊరి దగ్గరికి వచ్చేసరికి నీలిగీత సన్నబడి, సన్నబడి, చుక్కలవుతుంది. చిన్నప్పుడు ఆ చుక్కల్ని అచ్చుతప్పు అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక పొలంలో నిలబడి కాలువ చూస్తే ఆ మ్యాపు గీసినాయన చాలా నిజాయితీపరుడని అర్థమైంది.

గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోటు మాది. నల్లరేగడి నేల. మిరప, పత్తి. మేం పండించేవాటిలో ఒకటి తింటే కళ్ళవెంట నీళ్ళొస్తాయి, రెండోది తినడానికే పనికిరాదు. అందుకని తాత కాలం నుంచీ కాలువ పక్కనున్న ఎకరం చెక్కలో వరి వేసుకునేవాళ్ళం. అది అమ్మడానికి కాదు, ఇంటి తిండికి. యార్డులో మిర్చి రేటు ఎటుపోయినా, పత్తికి ఏ పురుగు పట్టినా, ఇంట్లో సొంత బియ్యం ఉంటే మనిషి తలెత్తుకు తిరగొచ్చని నాన్న నమ్మకం.

రెండువేల సంవత్సరం వెళ్ళాక వరసగా రెండేళ్ళు కాలువ మా దాకా రాలేదు. వరి వేయొద్దని ఊళ్ళో చాటింపు వేశారు. నాన్న బియ్యం కొన్నాడు.

మావైపు రైతు కొట్టుకెళ్ళి బియ్యం కొనడం బయటికి చెప్పుకునే సంగతి కాదు. నాన్న మోపెడ్ మీద టౌనుకు పోయి, బస్తా వెనక కట్టుకుని, దాని మీద ఖాళీ మిరపకాయల గోతాం కప్పి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని. ఊళ్ళో అందరూ అదే పని చేస్తున్నారు. దానివల్ల ఆ రెండేళ్ళు మా ఊళ్ళో ఒక వింత జరిగింది. లోకంలో మిరపకాయలు ఊళ్ళ నుంచి గుంటూరు పోతాయి. మా ఊళ్ళో మాత్రం సాయంత్రమైతే టౌను నుంచి మోపెడ్ల మీద తిరిగొచ్చేవి.

గోతాంలోని కారపు దుమ్ము బియ్యంలోకి దిగేది. అమ్మ ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. ఎసట్లో పోసేటప్పుడు ముందు అమ్మ తుమ్మేది, కంచాల ముందు కూర్చున్నాక వరసగా మేం. నాన్న తుమ్మి, ముక్కు తుడుచుకుని, "జలుబు" అనేవాడు. రెండేళ్ళ జలుబు. డ్రమ్ములో బియ్యం అడుక్కు పోయి అమ్మ డబ్బాతో గీకే చప్పుడు వినిపించిందంటే ఆయన తింటున్నవాడల్లా లేచి చెయ్యి కడుక్కునేవాడు. ఆ చప్పుడుకు ఆయన అంత భయపడేవాడు.

మూడో ఏడు వంతులవారీగా కొంచెం నీళ్ళు వదులుతారన్నారు. అప్పుడు నేను గుంటూరులో బీఎస్సీ పూర్తిచేసి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తున్నానని చెప్పుకుంటూ ఇంట్లో ఉన్నాను. సీటు నాకోసం ఎదురుచూస్తున్న సూచనలైతే ఎక్కడా లేవు.

ఒకరోజు వ్యవసాయాధికారి, ఊళ్ళో అందరూ ఏవో గారని పిలిచే ఆయన, వచ్చి బడి వరండాలో మీటింగు పెట్టారు. ఏవో గారంటే సన్నటి మనిషి, బూట్ల నిండా మూడు ఊళ్ళ దుమ్ము. ఇదే ప్రసంగం పొద్దుటి నుంచి మూడుచోట్ల చెప్పొచ్చినట్టు గొంతు చెబుతూనే ఉంది.

"దేశంలో జనం పెరుగుతున్నారండీ. నీళ్ళు పెరగట్లేదు. తక్కువ నీళ్ళతో ఎక్కువ వడ్లు పండించే దారి చూడకపోతే రేపు దేశానికి తిండి ఉండదండీ."

"ఇవాళ మాకు లేదండీ," అన్నారెవరో వెనక నుంచి.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, నవ్వాల్సిన చోటు వచ్చిందన్నట్టు. తర్వాత కొత్త పద్ధతి చెప్పారు. నారు ముదరకుండా రెండాకుల మీద ఉండగానే తీయాలి. గుత్తులు గుత్తులుగా కాదు, ఒక్కోచోట ఒక్కటే మొక్క. జానెడు పైన ఎడం. ఎకరానికి బుట్టెడు విత్తనం చాలు. అన్నిటికన్నా ముఖ్యం, మడిలో నీళ్ళు నిలబెట్టకూడదు. నేల సన్నగా పగుళ్ళివ్వాలి, అప్పుడు తడపాలి, మళ్ళీ ఆరనివ్వాలి.

"నీళ్ళు నిజంగా తక్కువ పడతాయా అండీ?" అని నాన్న అడిగాడు. అంతే, ఒక్క ప్రశ్న. ఏవో గారు దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నారు. వారం తిరక్కుండా మా ఎకరంలో రేకు బోర్డు పాతారు. దాని మీద ‘తక్కువ నీరు, ఎక్కువ వరి’ అని పచ్చరంగు అక్షరాలు. దేశం తిండి సంగతి మా చెక్కలో తేలబోతోందన్నమాట. అమ్మ మాత్రం డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసి, "సంక్రాంతి దాకా రావు ఇవి," అంది.

నాట్లకు ముఠా వచ్చింది. ఆడవాళ్ళ ముఠా, చర్చి వీధి నుంచి. వాళ్ళను తీసుకొచ్చే పెద్దామెకు గొంతు పెద్దది. మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ నాట్లు వేస్తోంది కాబట్టి నన్ను ఏమైనా అనే హక్కు ఆమెకుంది. రేకు మీద మట్టితో సహా తెచ్చిన ఆ బొటనవేలంత నారును చూసి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒక్కటేనా?"

"ఒక్కటే అక్కా."

"చచ్చిపోతే?"

"చావదంట."

"ఎవరన్నారు?"

"అదుగో, ఆ బూట్లాయన."

"ఆయనకేం, జీతమొస్తది. ఒరేయ్ అబ్బాయ్, మీ అమ్మ రెండేళ్ళ నుంచి కొన్న బియ్యం వండుతోంది. నేను ఒంటిమొక్క గుచ్చిపోయి, అదీ చచ్చి, మీకు మళ్ళీ బస్తా మోసే గతి పడితే ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకు కూచోవాలి?"

నాన్న రెండేళ్ళు గోతాం కప్పి దాచిన రహస్యం చర్చి దాకా వెళ్ళిందని అప్పుడు తెలిసింది. ఆయన కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఏవో గారు గట్టు మీదున్నంతసేపు ఒక్కోటి నాటారు. ఆయన బండి రోడ్డెక్కగానే వేళ్ళు మారాయి. ఒకటి పక్కన ఇంకోటి, మరీ జాలేసినచోట మూడోది. తోడుంటుందని. నేను అరిస్తే ఎవరూ వినలేదు. సగం మడి అయ్యేసరికి నారు అయిపోయింది. ఒంటిమొక్కల లెక్కన పోసిన నారది, జాలి లెక్కన పోసింది కాదు. ఇక మర్నాడు పొద్దున్నే వచ్చి, తోడు పెట్టినవాటిని ఒక్కొక్కటే పీకి అవతలి సగంలో నాటాల్సి వచ్చింది. పొద్దుగూకే దాకా విడాకులే. పెద్దామె ప్రతి మొక్కనూ పీకుతూ ఏవో గారిని ఒక మాట అంది. నడుములు ఎవరివీ నిలబడలేదు.

తర్వాత పదిరోజులు మా ఇంటికి పరామర్శలు. ఆ పిల్ల మొక్కలు గట్టు మీది నుంచి చూస్తే కనబడవు, ఉత్త బురద కనిపిస్తుంది.

"ఏరా, ఇంకా నాట్లు వేయలేదా?"

"వేశాం. మొక్కలు సిగ్గుపడుతున్నాయి."

"ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

"మొన్నటిదాకా బాగానే ఉన్నాం. మీరంతా వచ్చి అడుగుతుంటే అనుమానమొస్తోంది."

ఆ తర్వాత కలుపు తీసే చక్రం. ఏవో గారు ఇచ్చిన ఇనపముక్క అది, రెండు వరసల మధ్య తోసుకుపోవాలి. దాంతోపాటు ఇచ్చిన కాగితం మీద బొమ్మలో ఒకాయన ఉతికిన చొక్కా వేసుకుని నవ్వుతూ తోస్తుంటాడు. ఆయన నేల రేగడి కాదు. మా మట్టి చక్రానికి పట్టుకుందంటే విడవదు. నాలుగడుగులు తోయడం, ఆగి పుల్లతో గీకడం, మళ్ళీ నాలుగడుగులు. ఎకరం అంటే ఎంత పెద్దదో అంతకుముందు నాకు తెలియదు. సాయంత్రానికి చేతులు ఎత్తి ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా ఒక వ్యవసాయ పనిలా ఉండేది. నాన్న తన వరసలు తాను తోసేవాడు. మధ్యలో నిలబడి ఒకసారి, "కాస్త పిలకలేస్తున్నట్టుందిరా," అన్నాడు. నిజమే. ఒక్కో ఒంటిమొక్కా చేతినిండా పిలకలేసింది. అది చూసి సంతోషించే ఓపిక మా ఇద్దరికీ మర్నాటి దాకా రాలేదు.

అసలు కష్టం మడి ఆరబెట్టేటప్పుడు మొదలైంది. కాలువ చివరి ఊరు మాది. ఇక్కడ ఎవరి మడిలో పగులు కనిపించినా చూసినవాడు ముందు తూము వైపు నడుస్తాడు. మావి పగుళ్ళిచ్చాయి. కాలువ మీద కాపలా తిరిగే లస్కరు మామూలుగా ఎవరు బతిమాలినా తూము ఎత్తని మనిషి. అలాంటివాడు అటు వెళ్తూ, మా మడి చూసి, ఎవరూ అడక్కుండానే మా తూము ఎత్తిపోయాడు. నాన్న వెళ్ళి మూసేసరికి మడి సగం తడిసింది.

"రేపటి నుంచి నువ్వు కాపలా ఉండు," అన్నాడు నాన్న.

"నీళ్ళు ఎవరైనా దొంగిలిస్తారనా?"

"ఎవరైనా పెడతారని."

మా ఊళ్ళో నీళ్ళ కాపలా కొత్తది కాదు. నీళ్ళకోసం తలలు పగలగొట్టుకున్న వంశాలున్నాయి. కానీ నీళ్ళు రాకుండా గొడుగేసుకుని గట్టు మీద కూర్చున్న మొదటివాణ్ణి నేనే. దారినపోయే ప్రతివాడూ ఆగి పగుళ్ళు చూసి, నావంక చూసి, నాలుక చప్పరించేవాడు. "డిగ్రీ చదివించారు పాపం," అనుకుంటూ పోయేవాళ్ళు.

మా పైచెక్క మావయ్యది. చుట్టరికం దూరపుదే అయినా ఆయన నన్ను అల్లుడూ అంటాడు, నాన్నను బావా అనేవాడు. అనేవాడు అని ఎందుకన్నానంటే, వాళ్ళిద్దరికీ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. ఒక ఏడు మా వంతు రోజున ఆయన మా మడికి నీళ్ళు తెచ్చే బోదెకు మట్టిబస్తా అడ్డం వేసి నీళ్ళు తన మడిలోకి తిప్పుకున్నాడు. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఏం చెప్పుకోవాలన్నా, చెరో గట్టు మీద నిలబడి, మధ్యలో నన్ను నిలబెట్టి నాతో చెబుతారు.

"అల్లుడూ, నారు మిగిలింది, కావాలంటే పట్టుకెళ్ళమని మీ నాన్నకు చెప్పు."

"విన్నాడు మావయ్యా. ఇక్కడే ఉన్నాడుగా."

"విన్నా సరే, చెప్పు."

"నాన్నా, నారు కావాలా?"

"అక్కర్లేదని చెప్పు."

"మావయ్యా..."

"విన్నాన్లే."

నేను లేకపోతే ఆ రెండు గట్ల మధ్య వ్యవహారం పూర్తిగా స్తంభించిపోయేది. బీఈడీ సీటు రాకపోవడం వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

ఒకరోజు ఏవో గారు కబురు చేశారు. పైనుంచి పెద్దాఫీసర్లు మర్నాడు పొలం చూడ్డానికి వస్తున్నారు, మడి తడీపొడిగా ఉండాలి, సన్నటి పగుళ్ళు కనబడాలి అని. పగుళ్ళకు మా దగ్గర కొరత లేదని చెప్పి పంపాను. మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని నాన్నా నేనూ పొలం వెళ్ళాం.

మడి నిండా నీళ్ళు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఎండలో మెరుస్తూ. మధ్యలో రేకు బోర్డు. ‘తక్కువ నీరు’ అన్న అక్షరాలు నీళ్ళలో తలకిందులుగా ఊగుతున్నాయి. మావయ్య మా రెండు చెక్కల మధ్యనున్న గట్టును పారతో శుభ్రంగా తెగ్గొట్టి, మోకాళ్ళ దాకా బురదతో, కూతురి పెళ్ళి చేసినవాడి మొహంతో నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయన వంతు. తెల్లవారకముందే వచ్చినట్టున్నాడు.

"మావయ్యా, ఏంటిది?"

ఆయన నావంక చూడలేదు. ఇన్నేళ్ళకు మొదటిసారి నన్ను దాటి నాన్నను చూశాడు.

"బావా, ఎంత మాటల్లేకపోతే మాత్రం, నీ చేను అట్టా ఎండుతుంటే నేను చూస్తూ ఎట్టా ఊరుకుంటా? లస్కరు నీ మీద కక్ష కట్టాడా? నాతో ఒక్క మాటనొచ్చుగా. మూడో ఏడు కూడా నువ్వు ఆ మిరపకాయల గోతాం మొయ్యాలా?"

గోతాం సంగతి ఈయనకూ తెలుసు. ఇక తెలియనివాడు ఎవరైనా మిగిలాడా అని నేను మనసులో వెతుకుతున్నాను.

"మావయ్యా, ఇది పద్ధతి. కావాలనే ఆర..."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు నాన్న నాతో.

ఆయన మడి చూశాడు. తెగిన గట్టు చూశాడు. ఆ గట్టు అవతల మావయ్య చేను చూశాడు, అందులో నీళ్ళు మడమ దాకా కూడా లేవు. మావయ్య వంతులో సగం మా మడిలోకి వచ్చేసింది. నాన్న చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాడు.

"మంచి పని చేశావు బావా," అన్నాడు.

అప్పుడే రోడ్డు మీద రెండు జీపులాగాయి.

ఏవో గారు గట్టు మీదికి వచ్చి, నీళ్ళు చూసి, బోర్డు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నీళ్ళు అక్కడే ఉన్నాయి.

"ఏంటండీ ఇది?"

"గట్టు తెగిందండీ," అన్నాడు నాన్న.

ఏవో గారు తెగినచోటు చూశారు. పార అంచు దిగినట్టు గీత గీసినంత సూటిగా ఉంది. పార మావయ్య చేతిలో ఉంది. మావయ్య ఆయనకు పారతోనే నమస్కారం పెట్టాడు. ఏవో గారి మొహంలో కోపం కోసం చూశాను, అంత ఓపిక ఆయనకూ మిగల్లేదు.

"గట్టిగా కట్టుకోండి," అని మాత్రం అని, జీపుల దగ్గరికి వెళ్ళి వాళ్ళను వేరే ఊరికి తీసుకుపోయారు. మళ్ళీ మా పొలానికి రాలేదు. దేశం తిండి బాధ్యత నుంచి అలా మాకు విముక్తి దొరికింది. తక్కువ నీళ్ళతో ఎక్కువ బియ్యం ఎలా పండించాలో ఆయన చాలా బాగా ఆలోచించారు, ఇప్పటికీ అదే అంటాను. విత్తనం లెక్కేశారు, ఎడం లెక్కేశారు, నీళ్ళు లెక్కేశారు. పక్కచేను మనిషిని లెక్కలో వేసుకోలేదు.

ఆ తర్వాత ఇంకో వంతు వస్తుందన్నారు. రాలేదు. మా మ్యాపులో చుక్కలు అందుకే ఉన్నాయి. మా మడి పగుళ్ళు లోతుగా తాగిన నీళ్ళను పట్టుకుని నిలబడింది. ఒంటిమొక్కలకు వేళ్ళు కూడా బాగా దిగాయి. కంకులు బరువుకు వంగాయి. మావయ్య చేను పాలుపోసుకునే వేళకు ఎండింది. దిగువ సగం తాలుపోయింది, చేత్తో నలిపితే ఊక. ఆ రోజు మాకిచ్చిన సగం వంతు నీళ్ళుంటే అది గట్టెక్కేదా అంటే ఎవరూ చెప్పలేరు. నాన్నకు మాత్రం ఆ అనుమానం లేదు.

నూర్పిడి అయ్యాక ధాన్యం ఇంటికి చేరింది. అమ్మ ఒక గుప్పెడు నలిపి నోట్లో వేసుకుని, ఏడాదికి సరిపోతాయి అంది. మూడేళ్ళలో నాన్న నడుం నిటారుగా పెట్టి కూర్చోవడం అప్పుడే చూశాను. ఆ కూర్చోవడం మర్నాటి దాకా ఉంది. మర్నాడు బండి కట్టించి, ఆ ధాన్యంలో సగానికి తక్కువ కాకుండా వేయించి, నన్ను ఎక్కమన్నాడు.

"మావయ్య తీసుకోడు నాన్నా."

"విత్తనానికని చెప్పు."

మావయ్య అరుగు మీది నుంచి దిగకుండానే బండి వంక చూశాడు.

"ఏంటల్లుడూ ఇది?"

"విత్తనం మావయ్యా. కొత్త పద్ధతిలో పండినవి, బాగుంటాయన్నాడు నాన్న."

"ఆ పద్ధతిలో ఎకరానికి బుట్టెడు చాలని ఏవో గారు చెప్పలా?"

"మీకు పొలం చాలా ఉందనుకున్నాడేమో."

ఆయన చాలాసేపు బండిచక్రం వంక చూశాడు. అత్తయ్య తలుపు వెనక నుంచి, "దించనియ్యండి, ఎండలో నిలబెట్టారు పిల్లాణ్ణి," అంది. దించాం. ఇంతకన్నా గొప్పగా ఏమీ జరగలేదు. ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. నా నడుం మాత్రం ఇంకో రెండు రోజులు పట్టేసింది.

రేకు బోర్డు ఇంటికి తెచ్చాం. డ్రమ్ము మూత ఎప్పుడో పోయింది కాబట్టి అమ్మ దాన్నే మూత చేసింది. అన్నం పలుకుగా ఉన్నప్పుడల్లా నేను ఆ బోర్డు వైపు చూపించేవాణ్ణి. అమ్మ గరిటె చూపించేది.

ఎండాకాలం వెళ్ళీ వెళ్ళకముందే డ్రమ్ములో చెయ్యి అడుగుకు తగిలింది. డబ్బా గీకే చప్పుడు వినిపించింది. నేను నాన్న వంక చూశాను. ఆయన ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు. తినడం పూర్తిచేసి, నీళ్ళు తాగి, అప్పుడు లేచాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నేను గుంటూరు బస్సు కోసం సెంటర్లో నిలబడి ఉంటే టౌను వైపు నుంచి మా మోపెడ్ వచ్చింది. నాన్న నడుపుతున్నాడు, వెనక మావయ్య, ఇద్దరి మధ్యా రెండు బియ్యం బస్తాలు నలుగుతూ. పైన గోతాం కప్పలేదు. నాన్న సిగ్గు వదిలేశాడని చెబితే బాగుంటుంది కానీ, ఆ గోతాం పోయిన వారమే చిరిగిందని నాకు తెలుసు. కొత్తది తీసి కప్పే ఓపిక లేకపోయి ఉంటుంది.

టీ కొట్టు దగ్గర నుంచి ఎవరో కేకేశారు. "ఏం బావా, మిరపకాయలా?"

"బియ్యం," అన్నాడు నాన్న, బండి ఆపకుండానే.

నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంటికి నడిచి వెళ్ళేసరికి అమ్మ కొత్త బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. తినేటప్పుడు నాన్న అలవాటు కొద్దీ పక్కన తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం అయిపోయింది, పెరుగు కూడా అయిపోయింది. ఎవరూ తుమ్మలేదు.